కట్ట మీద పుట్ట

శౌరయ్య ఏ గట్టు ఎక్కినా ముందు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంటాడు. భక్తి అనుకునేరు, కాదు. ముప్పై నాలుగేళ్ళు కాలువల మీద లస్కరుగా చేసినవాడికి తడి సంగతి కంటికన్నా ముందు అరికాలికి తెలుస్తుంది. లస్కరంటే ఏమిటని ఈ కాలం పిల్లలు అడుగుతారు. గట్టు వెంట తిరుగుతూ ఎలక బొరియ కనిపిస్తే పూడ్చి, తలుపులు ఎత్తీ దించీ, వంతు ప్రకారం నీళ్ళు వదిలి, అటు రైతుల చేతా ఇటు పై అధికారుల చేతా తిట్లు తినే మనిషి. గట్టు తెగనన్నాళ్ళూ అలాంటి ఉద్యోగం ఒకటుందని ఎవరికీ గుర్తుండదు. గుర్తొచ్చిందంటే ఎక్కడో గండి పడిందన్నమాట.

రిటైరై నాలుగేళ్ళయింది. భవానీపురంలో రెండు గదుల సొంతిల్లు, నెలనెలా పెన్షను, భార్య హెప్సిబా, ఆవిడ కుట్టుమిషను. ఇద్దరు కూతుళ్ళూ బెజవాడలోనే కాపురాలు చేసుకుంటున్నారు. కడుపులో చల్ల కదలని బతుకే. కానీ అలవాటు పడ్డ చేతులు ఊరుకుంటాయా? పొద్దున్నే మేడెక్కి నీళ్ళ ట్యాంకు కింద చెమ్మ ఉందేమోనని తడిమి చూసేవాడు. అది అయ్యాక పక్క వాటా గోడ కూడా తడిమేవాడు. పరాయి గోడలు తడుముతూ తిరిగితే ఏదో ఒకరోజు పోలీసులొస్తారని హెప్సిబా దెప్పేది. శౌరయ్య నవ్వేసి ఊరుకునేవాడు, మర్నాడు మళ్ళీ తడిమేవాడు.

అలాంటి మనిషికి పోయిన ఏడాది వేసవిలో సుబ్బరత్నమ్మగారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

సుబ్బరత్నమ్మగారి పుట్టిల్లు ఉయ్యూరు. ఆవిడ ఒకప్పుడు, పుట్టింటివారి చెరుకుతోటకు నీళ్ళందలేదని శౌరయ్యతో గట్టు మీద నిలబడి పోట్లాడిన మనిషి. అప్పుడాయన కుర్ర లస్కరు. వంతు రాకుండా చుక్క వదలనన్నాడు. మర్నాడావిడ పాలేరు చేత బుట్టెడు మామిడిపళ్ళు పంపితే, బుట్ట బుట్టగానే వెనక్కి పంపేశాడు. ఆ కోపం ఆవిడకు ఎన్నాళ్ళుందో తెలియదు గానీ, ఆ సంగతి మాత్రం మర్చిపోలేదు. ఇన్నేళ్ళ తర్వాత తన చెరువుకు మనిషి కావలసి వచ్చినప్పుడు వెతికి వెతికి శౌరయ్య నంబరే పట్టింది.

చెరువు ఇబ్రహీంపట్నం అవతల, ఆవిడ మెట్టినింటివారి పొలంలో ఉంది. అరవై ఏళ్ళ కిందట ఆవిడ మావగారు రెండు గుట్టల మధ్య మూడు వందల గజాల మట్టికట్ట పోయించి వాగు నీళ్ళు ఆపారు. ముప్పై ఎకరాల మామిడితోట దాని మీదే బతుకుతోంది. అది సర్కారు చెరువూ కాదు, పంచాయతీ చెరువూ కాదు. పట్టా భూమిలో సొంత చెరువు. సొంతమన్నాక సొంతవాళ్ళే చూసుకోవాలి. చూసుకునే మావగారూ, ఆ తర్వాత భర్తా కాలం చేశారు. కొడుకు హర్షవర్ధన్ బెజవాడలో పైపుల వ్యాపారం చేస్తాడు. మంచివాడే, కానీ చెరువంటే అతనికి తోటకు నీళ్ళిచ్చే పెద్ద తొట్టి, అంతే. ఇక కట్ట కింద ఒక కాలనీ ఉంది. డెబ్బై ఇళ్ళు. సగంమంది తోటపనికి వస్తారు, సగంమంది థర్మల్ స్టేషన్లో కాంట్రాక్టు పనికి పోతారు.

బుడమేరు పొంగి బెజవాడ సగం మునిగిన దగ్గర్నుంచి, కట్ట అన్న మాట వింటేనే జనానికి గుండె దడ. సొంత చెరువులున్నవాళ్ళంతా కట్టలు చూపించుకుని బాగు చేయించుకోవాలని నోటీసులు కూడా వచ్చాయి. హర్షవర్ధన్ ఒక ఇంజనీరును మాట్లాడి తీసుకొచ్చాడు. ఆ ఇంజనీరుగారు కట్ట పొడుగునా నడిచి, ఫొటోలు తీసి, రెండు పేజీల రిపోర్టు రాసిచ్చాడు. సర్కారు తుమ్మ కొట్టించమన్నాడు, బొరియలు పూడ్చమన్నాడు. అంతా బాగానే ఉంది. అయితే కట్ట బయటి వాలులో, సరిగ్గా నడిమధ్యన, మనిషెత్తు పుట్ట ఒకటుంది. దాని దగ్గరికి రాగానే ఇంజనీరుగారు బూట్లు విప్పి, లెంపలు వేసుకుని, ప్రదక్షిణం చేసి ముందుకు వెళ్ళిపోయాడు. రిపోర్టు రెండు పేజీల్లోనూ పుట్ట ఊసే లేదు.

నవ్వకండి. ఆయన స్థానంలో మీరున్నా అదే చేసేవారు. నాగులచవితికి కాలనీ ఆడవాళ్ళంతా తడిబట్టలతో వచ్చి పాలు పోసే పుట్ట అది. సుబ్బరత్నమ్మగారికి పెళ్ళయి పన్నెండేళ్ళు పిల్లలు లేకపోతే, ఆ పుట్టకే మొక్కుకుంది. ఏడాది తిరక్కుండా కొడుకు పుట్టాడు. బారసాల నాడు నాగ హర్షవర్ధన్ అని పేరు పెట్టారు. ఆ పసుపూ కుంకుమా, వాలు నిండా ఎండిన పూలూ చూశాక అది కట్టకు చిల్లు అని ఎవరి నోరు చెబుతుంది?

శౌరయ్య నోరూ చెప్పలేదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ తప్పు ఆయనదే. వారానికి మూడు రోజులు బస్సెక్కి వచ్చేవాడు. కూలీలను పెట్టి తుమ్మ కొట్టించాడు, ఎలక బొరియలూ ఎండ్రకాయ బొరియలూ వెతికి వెతికి పూడ్పించాడు, తూము తలుపుకు గ్రీజు పెట్టాడు. పుట్ట దగ్గరికి వచ్చేసరికి మాత్రం తల పక్కకు తిప్పుకునేవాడు. చెదలు లేకుండా పుట్ట లేదనీ, పైన మనిషెత్తు లేచిందంటే లోపల అంతకు రెట్టింపు గుల్ల ఉంటుందనీ ఆయనకు తెలియక కాదు. తన మెడలో శిలువ ఉంది. వాళ్ళ పుట్ట తవ్వమని తాను చెబితే ఎవరు ఎలా తీసుకుంటారో! కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అలా మూడు నెలలు దాటేశాడు.

ఆగస్టులో వానలు పడి చెరువు ముప్పాతిక నిండింది. ఒకరోజు పొద్దున పుట్టకు కింద, కట్ట అడుగున, శౌరయ్య అరికాలికి చల్లగా తగిలింది. గడ్డి అక్కడ జానెడు మేర మరీ పచ్చగా ఉంది. వంగి చూస్తే సన్నగా ఊట. ఊట ఉండటం వింత కాదు, మట్టికట్టకు చెమట పట్టినట్టే. తేటగా కారితే భయం లేదు. మట్టి మోసుకొస్తేనే కట్ట లోపల కరుగుతోందని అర్థం. శౌరయ్య సంచిలోంచి తన టీ గ్లాసు తీసి ఆ నీళ్ళు పట్టాడు. గంటసేపు గట్టు మీద పెట్టి చూశాడు. తేటగానే ఉన్నాయి. మూడోనాడు పట్టినప్పుడు గ్లాసు అడుగున చిటికెడు మట్టి పేరుకుంది. ఆరోనాటికి వేలి మందం పేరుకుంది.

ఆ రోజు ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేదు. హెప్సిబా అడగ్గా అడగ్గా చెప్పాడు. చెబుతూ చెబుతూ, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బొరియ చూసి రేపు పూడ్చుదాంలే అనుకున్న సంగతి కూడా చెప్పాడు. ఆ రేపు రాకముందే గట్టు తెగి గట్టు కింద పాకలు నాలుగు కొట్టుకుపోయాయి. మనుషులు బతికారు గానీ, ఒక ముసలమ్మ తన పాక ఉన్న చోట నిలబడి చూసిన చూపు ఆయన్ని వదల్లేదు. పెళ్ళై ముప్పై ఐదేళ్ళయినా ఈ మాట హెప్సిబా వినడం అదే మొదటిసారి. ఆవిడ మిషను ఆపి, "దేవుడి సంగతి వాళ్ళూ వాళ్ళ దేవుడూ చూసుకుంటారు. నీళ్ళ సంగతి నీకు తెలుసు గదా, అది చెప్పేసిరా" అంది.

మర్నాడు గ్లాసు పట్టుకుని, తోటలో ఉన్న సుబ్బరత్నమ్మగారి ఇంటి వసారాలో నిలబడ్డాడు. వానల గురించీ, తూము గురించీ డొంకతిరుగుడుగా కాసేపు మాట్లాడి, చివరికి అసలు మాట చెప్పాడు. పుట్ట మొదలంటా తవ్వి, లోపలి గుల్ల అంతా తీసి, కొత్త మట్టి దిమ్మిస కొట్టి నింపాలన్నాడు. ఆవిడ మొహం ఎర్రబడింది.

"నా కొడుకునిచ్చిన పుట్ట అది. దాన్ని తవ్వమని నువ్వా శౌరయ్యా నాకు చెప్పేది?"

ఆ 'నువ్వా' అన్న మాట శౌరయ్యకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.  అయినా కదల్లేదు.

"నేను కాబట్టే మూణ్ణెల్లు నోరు మూసుకున్నానండి. అది నా తప్పే. ఇంకో మూడు వారాలు మూసుకుంటే కింద డెబ్బై ఇళ్ళు ఉండవు అమ్మగారూ."

గ్లాసు అరుగు మీద పెట్టాడు. ఆవిడ దాన్ని చూడనైనా చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. శౌరయ్య తన పని అయిపోయిందనుకుని గేటు దాకా నడిచాడు. వెనకనుంచి పనిమనిషి పరుగెత్తుకొచ్చి, అమ్మగారు రేపు పొద్దున కట్ట మీదికి వస్తానన్నారని చెప్పింది.

అన్నట్టుగానే వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, కర్ర పట్టుకుని వాలు దిగి పుట్ట ముందు కూర్చుంది. తోటలో కాయలు కోసే వెదురుగెడ తెప్పించింది. పుట్టను శౌరయ్య ముట్టుకోవడం ఆవిడకు ఇష్టం లేదో, లేక తన దేవుడి నుంచి తానే జవాబు వినాలనుకుందో, గెడ తనే పట్టుకుంది. దణ్ణం పెట్టుకుని కన్నంలోకి దింపింది. అది తగలకుండా పోయింది. ఇంకా దింపింది, ఇంకా పోయింది. పది అడుగుల గెడ చివరి జానెడు చేతిలో మిగిలింది. బయటికి లాగితే సగం దాకా తడి, కొసన చెరువు ఒండ్రు. ఆవిడ ఆ మట్టిని వేళ్ళతో నలిపి వాసన చూసింది. తర్వాత తల ఎత్తి, కింద కాలనీలో ఆరేసిన బట్టల వంకా, పంపు దగ్గర బిందెల వంకా చాలాసేపు చూసింది.

"పాలు పోసి పిల్లల్ని చల్లగా చూడమని మొక్కుకున్నాను. ఇక్కడేమో పిల్లల నెత్తిన చెరువు పెట్టి కూర్చున్నాను" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. శౌరయ్య పక్కకు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, ఎండ మరీ ఎక్కువగా ఉన్నట్టు.

ఇక ఆ తర్వాత ఆవిడ ఆగలేదు. పురోహితుణ్ణి అడిగింది. ఉద్వాసన చెప్పి, ఆ మట్టిని తొక్కుడు పడని చోటికి చేర్చి అక్కడ కొలుచుకోవచ్చని ఆయనన్నాడు. చిక్కంతా కాలనీలో వచ్చింది. అక్కడ ఆడవాళ్ళకు పెద్ద నాగవల్లి. కట్టకు అన్నిటికన్నా దగ్గర ఇల్లు ఆమెదే. చవితి పూజ ముందుండి చేయించేదీ ఆమే. పుట్ట తవ్వితే అరిష్టమనీ, కట్ట తెగేది అప్పుడే తెగుతుందనీ నాగవల్లి ఖరాఖండిగా చెప్పింది. ఇదంతా శౌరయ్య మతం చేయిస్తున్న పని అని వెనక ఎవరో అన్నారు కూడా. శౌరయ్య తల దించుకున్నాడు. సుబ్బరత్నమ్మగారు మాత్రం ఆ అన్నవాణ్ణి పేరుపెట్టి ముందుకు పిలిచి, గెడ చేతికిచ్చి, నువ్వూ దింపి చూడమంది. వాడు దింపలేదు. కాలనీవాళ్ళు ఒప్పుకున్నారని కాదు, ఎదురు చెప్పలేక ఊరుకున్నారు.

ముందు చెరువు దించాలి. ఒక్కసారిగా దించితే లోపలి వాలు జారిపోతుందని శౌరయ్య తూము కాస్త కాస్తగా ఎత్తి రోజుకు జానెడు చొప్పున నీళ్ళు వదిలాడు. రెండు వారాలు పట్టింది. తవ్వే రోజున హర్షవర్ధన్ బెజవాడ నుంచి వచ్చి ప్యాంటు మడిచి, తల్లి చెప్పినట్టు పుట్టకు క్షమాపణ చెప్పుకుని మొదటి పార వేశాడు. మొదటి తట్ట అతనే నెత్తిన పెట్టుకుని తోట చివరికి మోసుకెళ్ళాడు. రెండో తట్ట సుబ్బరత్నమ్మగారు ఎత్తబోతుంటే, అప్పటిదాకా దూరంగా నిలబడ్డ నాగవల్లి వచ్చి ఆవిడ చేతుల్లోంచి లాక్కుంది. ఈ వయసులో మీకెందుకమ్మా అని విసుక్కుంటూనే మోసింది. ఆ తర్వాత ఆడవాళ్ళందరూ తలో తట్టా మోశారు. పాము ఉందో లేదో గానీ బయటికి మాత్రం రాలేదు. లోపల గుల్ల మాత్రం ఎద్దుబండి పట్టేంత ఉంది. 

బంకమట్టి తెప్పించి అరచేతి మందం పోయడం, తడపడం, దిమ్మిస కొట్టడం, మళ్ళీ పోయడం. పన్నెండు రోజులూ పగలంతా శౌరయ్య అక్కడ్నుంచి కదల్లేదు. కూలీలు రెండు పొరలు కలిపి పోస్తే అంతా తవ్వించి మళ్ళీ పోయించాడు. హెప్సిబా డబ్బా కట్టి పంపిన అన్నం చాలా రోజులు అలాగే తిరిగి వెళ్ళింది.

అక్టోబరులో నాగులచవితి వచ్చింది. తోట చివర పోసిన మట్టికుప్పకు పాలు పోశారు. కొందరు మనసారా పోశారు, కొందరు మొక్కుబడిగా పోశారు. మూడోనాడు తుఫాను మొదలైంది.

వాన రాత్రంతా కురిసి తెల్లారినా తగ్గలేదు. పొద్దున పదింటికల్లా చెరువు నిండటానికి మూడడుగులే తక్కువ. శౌరయ్య ముందుగానే పిల్లల్నీ ముసలివాళ్ళనీ మెరక మీద బడికి పంపించేశాడు. ఇళ్ళలో మిగిలినవాళ్ళు రేషను కార్డులూ పట్టాలూ గుడ్డల్లో కట్టుకుని గుమ్మాల్లో నిలబడ్డారు. పుట్ట తవ్విన పాపం ఇవాళ తేలిపోతుందన్న మాట ఇంటింటా నడుస్తోంది. కట్ట మీద ప్లాస్టిక్ పట్టా కప్పుకుని నిలబడ్డ శౌరయ్యకు అవి వినపడవు. కానీ ఆ గుమ్మాల్లోంచి తన వంకే చూస్తున్నారని తెలుసు. మొదటిసారి ఆయనకే అనుమానం వచ్చింది. ఏ పొరలోనైనా తడి తక్కువైందా? మూల దగ్గర దిమ్మిస సరిగ్గా పడిందా?

అప్పుడు హర్షవర్ధన్ కారొచ్చింది. సుబ్బరత్నమ్మగారిని బెజవాడ తీసుకుపోవడానికి వచ్చిందని అందరూ అనుకున్నారు. పైనుంచి చూస్తున్న శౌరయ్య కూడా అదే అనుకున్నాడు, మంచిదే అనుకున్నాడు. ఆవిణ్ణి ఎక్కించుకున్న కారు తోట దాటి మెయిన్‌ రోడ్డు వైపు కాకుండా కాలనీలోకి తిరిగింది. నాగవల్లి ఇంటి ముందు ఆగింది. సుబ్బరత్నమ్మగారు గొడుగేసుకుని దిగి, డ్రైవర్ని కారు తీసుకుని పొమ్మని వసారాలోకి నడిచింది.

"కట్టకి నీ ఇల్లే గదా దగ్గర? కట్ట నాది నాగవల్లీ. ఇక్కడే కూర్చుంటాను, ఓ కుర్చీ వెయ్యి."

 నాగవల్లి లోపలికెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. ఆవిడ కట్టకు ఎదురుగా కూర్చుని, వానలో చిన్నగా కనిపిస్తున్న శౌరయ్య వైపు చెయ్యి ఊపింది.

శౌరయ్య ఆ చెయ్యి చూశాడు. ఆవిడ తనను నమ్మి కూర్చుంది. తన పన్నెండు రోజుల పనిని నమ్మి ప్రాణం తెచ్చి దాని కింద పెట్టింది. వాలు దిగి, పూడ్చిన చోటు కింద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అంతా వానే, ఏది ఊటో ఏది వానో కంటికి తెలిసే దారి లేదు. కట్ట అడుగున బురదలోకి చెయ్యి మోచేతి దాకా దింపాడు. చెరువు నుంచి వచ్చే ఊట అయితే తుఫాను వాన కంటే కాస్త వెచ్చగా తగులుతుంది. చల్లగానే ఉంది. రెండడుగులు జరిగి మళ్ళీ దింపాడు. చల్లగానే ఉంది. అలా ఆ మూల నుంచి ఈ మూలకు వచ్చేసరికి వేళ్ళు తిమ్మిరెక్కాయి. మధ్యాహ్నం రెండింటికి చెరువు నిండి, చివరనున్న రాతి అలుగు మీదుగా నీళ్ళు వాగులోకి దూకాయి. ఆ చప్పుడు కాలనీ అంతా వినిపించింది. కట్ట కట్టలాగే ఉంది. శౌరయ్య సాయంత్రం దాకా చేతులు దింపుతూనే ఉన్నాడు.

నాలుగున్నరకు వాన తెరిపిచ్చింది. నాగవల్లి మంచం మీద మూట విప్పింది. పట్టా కాగితం తీసి మళ్ళీ రేకు పెట్టెలో పెట్టి, పొయ్యి వెలిగించి ఎసరు పెట్టింది. బియ్యం కడుగుతూ, ఆ పెద్దాయన్ని కూడా అన్నానికి రమ్మని కేకెయ్యండమ్మా అని సుబ్బరత్నమ్మగారితో అంది. పొద్దుట్నుంచీ ఆమె ఆయన మాట ఎత్తడం అదే మొదలు.

శౌరయ్య వచ్చి కాళ్ళు కడుక్కుని వసారా అంచున కూర్చున్నాడు. వేడన్నం, కందిపచ్చడి, చారు. ఆకలి అప్పుడు తెలిసింది. వంచిన తల ఎత్తకుండా తింటున్నాడు. సుబ్బరత్నమ్మగారు చూసి చూసి, "చెరువుకి వీపు పెట్టి కూర్చున్నావేంటి శౌరయ్యా?" అంది.

శౌరయ్య ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. నిజమే. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి నిండు నీటికి వీపు పెట్టి ఆయన ఒక్క పూట కూర్చోలేదు. కట్టవైపు తిరగబోయాడు. నాగవల్లి గరిటెతో చారు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. ఇక తిరగలేదు. ఇంకొంచెం పొయ్యమని కంచం ముందుకు జరిపాడు.